నలుగుపిండి: హోసూరు తెలుగిండ్ల ముఖలేప విద్య

ఆంధ్రదేశమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా శాసనములతో ప్రారంభింతురు. దేవాలయము, దానపత్రము, పాళెగాండ్రు, వలసలు, రాష్ట్రవిభజన అనునవి చరిత్రకు ఆధారములే, కాదనువారు లేరు. కాని ఒక జనసమూహము తరతరములుగా అన్యభాషల నడుమ బ్రదికినప్పుడు దాని చరిత్రలో కొంతభాగము రాతిమీదికెక్కక, అటకమీది డబ్బాలలోను, తిరగలిప్రక్కన కూర్చున్న ముసలివారి నోళ్లలోను మిగిలియుండును. అట్టి యొక చిన్న వస్తువును గూర్చి ఈ వ్యాసము. దాని పేరు నలుగుపిండి. సున్నిపిండి యనియు నందురు. నేటి ఆడపిల్లలు ఫేస్ ప్యాకు, ఫేస్ మాస్కు అని పిలుచుకొనునది దీని సంతతిలోనిదే.

నేను హోసూరు ప్రాంతమున ఇరువదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పుచున్నదానను. సౌందర్యసాధనములను గూర్చి వ్రాయవలసివచ్చునని యెన్నడును తలంపలేదు. నన్ను ఈ విషయములోనికి దింపినది ఒక పాత నోటుపుస్తకము.

కొన్నియేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలోని యొక బాలిక వారముదినములు బడికి రాలేదు. తరువాత వచ్చినప్పుడు రెండుచెక్కిళ్లమీదను కాలినట్టి నల్లని మచ్చలుండెను. విచారింపగా తెలిసిన సంగతి యిది. ఆ యింటిలో నలుగుపిండి కొట్టునది బాలిక నాయనమ్మ. ఆమె గతించినపిమ్మట తల్లి తన జ్ఞాపకమును బట్టియు, నాటుమందుల అంగడివాడు చెప్పినదానిని బట్టియు దినుసులు తెచ్చి మరపట్టించినది. వానిలో బావంచాలు కూడ నుండెను. పిల్ల ఆ పిండిలో నిమ్మరసము కలిపి మొగమునకు పట్టించుకొని, సరిగా కడుగుకొనక, మిట్టమధ్యాహ్నము ఆటలపోటీల అభ్యాసమునకు పోయినది. నిమ్మరసపు సంగతి సెల్‌ఫోనులోని యొక వీడియో చెప్పినదట. మరునాటికి చెక్కిళ్లు ఎఱ్ఱబడి పొక్కులు లేచినవి. పొక్కులు మానినవి గాని మచ్చలు మాసములతరబడి నిలిచినవి.

ఒకనాటి సాయంకాలము ఆ తల్లి నోటుపుస్తకము నొకదానిని కొంగున చుట్టుకొని వచ్చినది. "టీచరమ్మా, ఇది మా అత్త రాసిపెట్టుకున్న పుస్తకం. మాకు మాట్లాడేది తెలుగే గానీ చదవను రాదు. నేను చదివిందంతా తమిళమే. ఇందులో ఏముందో కొంచెం చూసి చెప్పండి" అని చేతికిచ్చినది. చాకలిపద్దులు, వడియాల కొలతలు, చంటిపిల్లల కడుపునొప్పికి వాముకషాయము, వీని నడుమ నలుగుపిండి పుట దొరకినది. దినుసుల వరుస ముగిసినతరువాత, ప్రక్కన గీతగీసి ఆ పెద్దామె వేరుగా వ్రాసియున్నది: బావంచాలు ఒంటిదురదకు మాత్రమే కలుపవలెననియు, మొగమునకు కూడదనియు, పూసుకొన్ననాడు ఎండలోనికి పోరాదనియు. నాకు ఆ వాక్యము చదువుటకు అరనిముషము పట్టలేదు. ఆ పుస్తకము వారి యింటిలో, ఆ పిండిడబ్బా ప్రక్కనే, ఎనిమిదేండ్లుగా నున్నదట.

ఆనాటినుండి ఈ పిండి యెంతకాలపుదో, ఎందెందు ఏ పేర నున్నదో, దాని విధులెక్కడివో తెలిసికొనవలెనని బుద్ధిపుట్టినది.

దీనికి ముఖ్యద్రవ్యము పెసలు. మన తెలుగువారు శతాబ్దులుగా నివసించుచున్న బళ్లారిప్రాంతమున సంగనకల్లు మొదలగు నవీన శిలాయుగపు నివాసస్థలములను త్రవ్వినప్పుడు మాడిపోయిన ధాన్యపుగింజలు దొరకినవి. వానిలో కొఱ్ఱజాతి తృణధాన్యములతోపాటు పెసలు, ఉలవలు ఉన్నవి. అవి నాలుగువేల యేండ్లనాటి పంటలు. ఆనాటివారు పెసరపిండితో మొగము కడిగికొనిరని చెప్పుటకు ఆధారము లేదు, నేనట్లు చెప్పబోను. పెసలు దక్షిణాపథపు నేలకు పరాయిగింజ కాదని మాత్రము తెలియుచున్నది.

ముఖలేపమను మాట స్పష్టముగా శాస్త్రమర్యాదతో కనబడునది వాగ్భటుని అష్టాంగహృదయమున. ఆయనను సుమారు 7వ శతాబ్దమువానినిగా పండితులు నిర్ణయించిరి. సూత్రస్థానము 22వ అధ్యాయమున ఆయన ముఖలేపమును మూడువిధములుగా విభజించెను: దోషమును పోగొట్టునది, విషమును పోగొట్టునది, వర్ణము నిచ్చునది. లేపపు మందము అంగుళములో నాలవవంతా, మూడవవంతా, సగమా యని కొలత చెప్పెను. ఆరు ఋతువులకు ఆరు లేపములు చెప్పెను. హేమంతమునకు రేగుగింజల పప్పు, అడ్డసరపు వేరు, లొద్దుగ, తెల్ల ఆవాలు. శిశిరమునకు నల్లనువ్వులు, మ్రానిపసుపు, పొట్టుతీసిన యవలు మొదలైనవి. వసంతమున బియ్యము, వట్టివేళ్లు, చందనము మున్నగునవి. గ్రీష్మమున కలువలు, గరికె, అతిమధురము, చందనము. చలికాలమున నూనెగింజలు, వేసవిలో చలువపదార్థములు అను క్రమము చదువరులకు దానంతట అదే తెలియును.

అయితే నాకు ఆశ్చర్యము కలిగించినది ద్రవ్యముల పట్టిక కాదు, ఆ తరువాత వచ్చు నియమములు. లేపము తడిగా నున్నంతవరకే మొగమున నుండవలెను. ఎండిపోయినచో అది చర్మకాంతిని చెరచును. తీయునప్పుడు మరల తడిపి తీయవలెను. తీసినపిమ్మట నూనె రాయవలెను. లేపముతో నున్నంతసేపు పగటినిద్ర, మాటలాడుట, నిప్పు, ఎండ, శోకము, కోపము వర్జింపవలెను. హోసూరు నాయనమ్మ నోటుపుస్తకమున ఇంచుమించుగా ఇదే యున్నది! అంచులు బిగియుచున్నట్లు తోచగానే నీళ్లు చిలుకరించి మెత్తపరచి కడుగవలెను, గీకరాదు, కడిగినతరువాత అరచేత రెండుచుక్కల నువ్వులనూనె. నవ్వరాదని కూడ వ్రాసినది. శోకమును గూర్చి యేమియు వ్రాయలేదు. ఇంటిపనులలో శోకమునకు తీరిక లేదని యనుకొన్నదేమో!

ఆమె వాగ్భటుని చదివియుండదు. సంస్కృతము ఆమెకు రాదు. పదమూడువందల యేండ్లకు పైబడిన నియమ మొకటి వైద్యుని నోటినుండి ఇల్లాలి చెవికిని, ఇల్లాలి నోటినుండి కోడలి చెవికిని ప్రయాణముచేసి, చివరకొక ఆడుమనిషి చేతివ్రాతలో తెలుగక్షరములైనది. ఇది ఒక్క తరములో ఆగిపోయినది.

నడుమనున్న శతాబ్దులలో ఈ విద్యకు సాక్ష్యములు లేకపోలేదు. కల్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు (1127–1138) రచించిన మానసోల్లాసమున రాజోపభోగములలో స్నానభోగమని యొక ప్రకరణమే కలదు. విజయనగరమును 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె రాయించుకొని వ్యాయామము చేయుచుండెనని వ్రాసియున్నాడు. ఒంటిజిడ్డును వదలించుటకు సబ్బులేని ఆ కాలమున పిండియో, కుంకుడో, సీకాయయో తప్పదుగదా. మైసూరు ప్రభుత్వపు సబ్బు కర్మాగారము బెంగుళూరున పుట్టినది 1916 ప్రాంతమున. అనగా మన ముత్తవ్వల చిన్ననాటివరకు, ఈ పీఠభూమిలోని సామాన్యగృహములలో, నలుగుపిండి అలంకారవస్తువు కాదు. ఒళ్లు కడుగుకొను నిత్యసాధనము.

ఇక పేర్ల సంగతి. నాకిది ప్రియమైన విషయమగుటచే కొంచెము నిలిచెదను. నలుగుట యనగా ఒత్తిడికిలోనై మెత్తబడుట. ఒంటికి పిండి రాచి నలుచుటచేత నలుగైనది. పెండ్లిలో మంగళస్నానమునకు ముందు నలుగు పెట్టుటయు, నలుగుపాటలు పాడుటయు తెలుగిండ్లలో నున్నదే. హోసూరునుండి దక్షిణముగా పోయినకొలది ఈ మాట 'నలంగు' అగును. తమిళుల పెండ్లిండ్లలో నలంగు ఒక వేడుక. వారి అంగళ్లలో 'నలంగుమావు' అని అమ్మునది మన నలుగుపిండియే. మా పిల్లలు అంగడిలో తమిళాక్షరములలో ఆ పేరు చదివి, ఇంటిలో నాయనమ్మ చెప్పిన నలుగుతో దానికి సంబంధమున్నదని యెరుగక తిరిగివచ్చుచుందురు. తరగతిలో నల్లబల్లమీద రెండుమాటలను ప్రక్కప్రక్కన వ్రాసిచూపినప్పుడు వారి మొగములు వికసించుట నేను చూచితిని.

సున్ని యనుమాట మరియొకటి. తమిళమున 'సుణ్ణము' అనగా పరిమళచూర్ణము. మాణిక్యవాచకుల తిరువాచకమున స్వామి తిరుమంజనమునకు సుణ్ణము దంచు సందర్భము ఒక పదికమై 'తిరుప్పొఱ్చుణ్ణము' అను పేరుతో నున్నది. ఆ మాట సంస్కృతమునందలి చూర్ణశబ్దమునుండి పుట్టినది. మన సున్నియు దాని తోడిదే యని నాకు తోచును. తినునప్పుడు సున్నియుండ, పూయునప్పుడు సున్నిపిండి! ఒకే తిరగలినుండి రెండును రాలినవి. ఇక మహారాష్ట్రమున దీనిని 'ఉటణె' అందురు. సంస్కృతపు ఉద్వర్తనమునుండి వచ్చినమాట. షోలాపురమున నేతపనివారైన మా బంధువుల యింట నరకచతుర్దశి వేకువను ఉటణె పొట్లమును చూచితిని. పొట్లముమీది పేరు మరాఠీ. దానిని రాచుచున్న పెద్దమ్మ మాత్రము "రా, నలుగు పెడతా" అనియే మనుమని పిలిచినది.

దినుసులును నేలనుబట్టి మారినవి. తెలుగునాట పెసలు ప్రధానము; మరాఠీసీమలో శనగపిండి, ఎఱ్ఱకందిపప్పు ఎక్కువ. తమిళసీమకు వచ్చినపిమ్మట మన పిండిలో వట్టివేళ్లు, ఆవారంపువ్వు చేరినవి. ఆవారంపువ్వనగా మరేమియు కాదు, మన తంగేడే. పసుపునకు మనవారెచ్చటను కఱవెరుగరు. కొంగునాట ఈరోడు పసుపు, మహారాష్ట్రమున సాంగ్లీ పసుపు, ఒడిశాలో కంధమాల్ పసుపు. మొదటిదానికిని చివరిదానికిని 2019లోను, సాంగ్లీకి 2018లోను భౌగోళిక గుర్తింపు లభించినది. మొగమునకు వాడునది కూరపసుపు కాదు, కస్తూరిపసుపు. అది వేరుజాతి దుంప, వాసనయే దాని గుర్తు, రంగంతగా అంటదు.

ఇచ్చట నొకమాట. నేడు ప్రాచీనసంప్రదాయమను పేర టమాటా, ఉర్లగడ్డ, బొప్పాయి మొగమునకు పులుముచున్నారు. ఈ మూడును అమెరికాఖండమున పుట్టి, 16వ శతాబ్దమునుండి ఐరోపావారి ఓడలవెంట మనకు వచ్చినవి. వాడుకొనువారు వాడుకొందురుగాక, ఋషులకు మాత్రము అంటగట్టనక్కరలేదు.

నోటుపుస్తకములోని పద్ధతిని ఇంటనే చేసిచూచి ఈ దిగువ వ్రాయుచున్నాను. పెసలు నాలుగుపాళ్లు, పచ్చిశనగపప్పు ఒకపాలు, బియ్యము ఒకపాలు. వీనిని వేయింపరాదు, పలుచని యెండలో గలగలలాడువరకు ఎండబెట్టవలెను. కస్తూరిపసుపుకొమ్ములు నలుగగొట్టి అరపాలు. ఎండిన తంగేడుపువ్వులు, గులాబిరేకులు, వట్టివేళ్లు తలకొక పిడికెడు. అన్నియు కలిపి విసరి, ఒంటికి వాడునది జల్లెడపట్టి కొంచెము బరకగా నుంచవలెను. మొగమునకైనచో తప్పక వస్త్రగాళితము చేయవలెను. పలుచని పాతనూలుగుడ్డను గిన్నెమూతికి కట్టి, పిండిని దానిమీద చేతితో రాచినప్పుడు క్రిందికి దిగునది మైదాకన్న మెత్తన. బరకపిండితో మొగము తోమినచో కంటికి కనబడని గీతలుపడి చర్మము మండును. తడిచెంచా తగులనీయక మూతబిగిచిన డబ్బాలో నుంచినచో రెండుమూడు నెలలు నిలువయుండును. కలిపిన ముద్దను మాత్రము మరునాటి కుంచరాదు.

కలుపుటలో ఋతువున్నది. మాఘమాసపు చలిగాలికి హోసూరు మెట్టమీద మొగములు పగులును, అప్పుడు పాలమీగడతో. చైత్రవైశాఖములలో పెరుగుతో, జిడ్డుమొగమువారికి పలుచని మజ్జిగతో. మీగడ చర్మమునకు చమురునిచ్చును. పెరుగులోని లాక్టికామ్లము పైనున్న మృతకణములను మెల్లగా సడలించును. పప్పుపిండిలోని సపోనినులు స్వల్పముగా జిడ్డును వదలించును. పిండిపదార్థము మిగిలినదానిని పీల్చుకొనును. సబ్బు క్షారగుణము కలది. చర్మము సహజముగా కొంచెము ఆమ్లగుణము కలది; దాని పీహెచ్ ఇంచుమించు 5. సబ్బుతో కడిగినతరువాత మొగము బిగిసినట్లుండుటకును, పిండితో కడిగినతరువాత అట్లుండకుండుటకును కొంత కారణమిదియే. మొదటిసారి వాడువారు మోచేతి మడతలోపల కొంచెము రాచి ఒకరోజు వేచిచూడవలెను. వంటింటి వస్తువైనంతమాత్రమున అందరి ఒంటికిని పడునని లేదు.

ఎండనియ్యరాదను నియమమునకును కారణము సులభముగనే తెలియును. ఎండుచున్న పిండి చర్మములోని తేమనుకూడ తనతో లాగుకొనును. పెళుసుబారినదానిని గీకినప్పుడు పైపొర చిరుగును. ఎండి పగులువరకు ఉంచుకొని, అదియే బాగుగా పనిచేసినదనుకొనువారు నేడనేకులు.

బావంచాలను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. సంస్కృతమున బాకుచి, తమిళమున కార్బోకరిసి, మరాఠీలో బావచీ. ఈ గింజలో సోరాలెను అను పదార్థము కలదు. అది చర్మమున నున్నప్పుడు సూర్యకాంతిలోని అతినీలలోహితకిరణములు సోకినచో చర్మము కాలినట్లగును, పిమ్మట రంగు ముదురును. బొల్లిరోగమునకు పూర్వవైద్యులు దీనిని వాడుటకు కారణమిదియే. ఆధునికవైద్యమున సోరాలెను జాతి మందుతో కిరణచికిత్స చేయుటయు నిందుకే. నిమ్మజాతి పండ్లలోను ఇట్టి పదార్థములు కొలదిగా కలవు. పైగా నిమ్మరసపు పీహెచ్ సుమారు 2. ఆ బాలిక మొగమున రెండును కలిసినవి, నడినెత్తిన సూర్యుడుండెను. ఆమెను చూచిన వైద్యుడు కూడ ఎండనే తప్పుపట్టినాడట. అంగడిపసుపుపొడి విషయమునను జాగరూకత వలయును; రంగుకొరకు సీసముతో కూడిన లెడ్ క్రోమేటును కలుపు దుర్మార్గము పలుచోట్ల పట్టుబడినది. కొమ్ములు కొని ఇంట దంచుకొనుట మేలు.

మరియొక విషయమును దాటవేయుట న్యాయము కాదు. ఈ పిండి తెలుపు నిచ్చునని చెప్పుట అబద్ధము. చర్మపురంగు పుట్టుకతో వచ్చునది. పెసలును మీగడయు దానిని మార్చలేవు. వాగ్భటుడు వర్ణమనినచోట కాంతియని, నిగారింపని గ్రహించుట నాకు సమంజసముగా తోచును. మా యిండ్లలో పెండ్లిచూపులకు నెలముందునుండి చామనచాయపిల్లకు దినదినమును పిండిరాచి, చూపులవారు వెనుకకు పోయినప్పుడు పిల్లనే నిందించుట నేను కండ్లార చూచితిని. నలుగుపాటలలో మాధుర్యమెంతయున్నను ఆ యింటి నలుగులో చేదున్నది. చరిత్ర వ్రాయువారు దానినికూడ వ్రాయవలెను.

వ్రాతను గూర్చి చెప్పి ముగించెదను. పసుపునకు గాయమును మాన్పు గుణమున్నదని క్రొత్తగా కనుగొనినట్లు చెప్పి, అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమువారు 1995లో పేటెంటు పొందిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనమండలి దానిని ఎదిరించి, 1997లో రద్దు చేయించినది. "మా అవ్వలందరికిని తెలిసినదే" అనుమాట అచ్చట సాక్ష్యముగా చెల్లలేదు. ప్రాచీనగ్రంథములును, 1953లో భారతీయ వైద్యసంఘపు పత్రికలో అచ్చైన వ్యాసమును చూపవలసివచ్చినది. వ్రాసియున్నపుటయే నిలిచినది.

వ్రాసియున్నపుటను చదువగలవారు మాలో తగ్గుచున్నారు. హోసూరుతాలూకా 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు మద్రాసురాష్ట్రముననే మిగిలినది. 1956 తరువాతను అట్లే. అయినను ఇంటను బడిలోను తెలుగు నడచినది. తమిళభాషాభ్యసన చట్టము 2006లో వచ్చినది. ఆ విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతిగా తమిళము మొదటిభాషాస్థానమున నిర్బంధమై 2015–16 నాటికి పదవతరగతిని చేరినది. తమిళము నేర్చుటలో మాకు పేచీ లేదు; ఉన్నయూరి భాష నేర్వనివాడు బ్రతుకనేరడు. తెలుగునకు వారములో మిగిలిన గంటలు చాలకుండుటయే మా బాధ. ఆ తల్లి ఈ చట్టముకన్న ముందే తమిళబడిలో చదివినది. కావున నేరమంతయు చట్టముదే యనుటకు వీలులేదు. ఇంటిలో పలుకుచున్నాముగదా, చదువకున్న నేమి యని పెద్దలును ఊరకుండిరి.

నోటుపుస్తకమును తిరిగి వారికిచ్చితిని. ఇచ్చుటకు ముందు ఆ బాలికచేతనే నలుగుపుటను, తక్కిన వంటింటిమందుల పుటలను మంచిదస్తూరితో నకలు వ్రాయించితిని. నాలుగు ఆదివారములు పట్టినది. బావంచాల వాక్యమును వ్రాయునప్పుడు పిల్ల తలయెత్తలేదు. మరుసటియేట తరగతిలోని పిల్లలందరును తమ యిండ్లలోని పిండిపద్ధతిని అడిగి వ్రాసి తెచ్చిరి. ముప్పది యిండ్లలో పదునొకండింట మాత్రమే ఇంకను పిండి కొట్టుచున్నారు. ఆ కాగితములు మా పాఠశాల బీరువాలో నున్నవి. బళ్లారి, కోలారు, మదుర, కోయంబత్తూరు, బరంపురము, రాయగడ, షోలాపురము, యానాములలోని సోదరీమణులు తమ యిండ్లలో ఏ పప్పు, ఏ పసుపు, ఎంతెంత పాలు, ఏ మాటతో పిలుతురు, ఏది కూడదందురు అను నీ వివరములను తెలుగున వ్రాసి సంఘమువారికి పంపినచో, వానిని ఈ కాగితముల ప్రక్కన చేర్చి మరుసటి సంచికకు పట్టికగా కూర్చెదను. కూడదనినవానిని మరువక వ్రాయవలెనని ప్రార్థన.